వానకు ఆగిన పాటలు

సాంక్ట్ క్విరిన్, సరస్సు ఒడ్డు
1887 ఫిబ్రవరి

వియన్నా స్వరస్మారక సంఘం కార్యదర్శి ఎగిడియుస్ ప్లంక్ గారికి,

ఇక్కడ నేను క్షేమం, మోకాళ్ళు మినహా. మీరు మోకాళ్ళతో సహా క్షేమమని తలుస్తాను.

నా పేరు వాల్‌బుర్గా. మీ సంఘంవారు సంపుటాలు సంపుటాలుగా అచ్చు వేస్తున్న వెండెలిన్ రోట్ సంగీతం ఉందే, ఆ వెండెలిన్ నా తమ్ముడు. మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, మీరు వేస్తున్నవన్నీ ఆ చర్చికి రాసినవే. పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మొన్న మాంసం కొట్టువాడు సాసేజీలు చుట్టి ఇచ్చిన వియన్నా పేపరులో మీ ప్రకటన చదివాను. నేను బడికి పోలేదు లెండి. నా చదువంతా పంచాంగాల్లోంచీ పొట్లాల కాగితాల్లోంచీ వచ్చిందే. పొట్లాల చదువులో ఒకటే ఇబ్బంది, కథ మంచి పట్టు మీద ఉండగా కాగితం చిరిగిపోతుంది. మిగతాది మనమే అల్లుకోవాలి. అలా నేను ఎంతమంది హంతకులను పట్టుకున్నానో మీ వియన్నా పోలీసులకు తెలియదు.

మీ ప్రకటన మాత్రం చిరగకుండా దొరికింది. "రోట్ మహాశయులు పియానో కోసం చిన్న రచనలేవీ చేయలేదు, వారి చూపు ఎప్పుడూ శిఖరాల మీదే" అని రాశారు. అంటే మావాడికి చిన్నవి చేతకాలేదనేగా. ఒళ్ళు మండి పిండిపెట్టె అడుగున వెతికితే పన్నెండు దొరికాయి. అన్నీ పియానోకే. ఒకటి అరపేజీ, ఒకటి ముప్పావు. చాలావాటికి చివర లేదు. చివర లేదని చిన్నచూపు చూడకండి. మా ఊరి రోడ్డుకీ చివర లేదు, కొండ తగిలి ఆగిపోతుంది. అయినా దాన్ని రోడ్డనే అంటాం.

వీటినీ అచ్చు వేయండి. వేసి, అన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ పేపరులోనే రాయండి. మా మాంసం కొట్టువాడు ఆ పేపరే వాడతాడు.

ఇట్లు,
కీర్తిశేషులైన ఉప్పు బట్టీ మేస్త్రీ బార్తల్ గారి భార్య
వాల్‌బుర్గా

తా.క. నాలుగో కాగితం మీది మరక తమ్ముడిది కాదు, నాది. బాతుమాంసం పులుసు.


వియన్నా, మార్చి

ఉప్పు బట్టీ మేస్త్రీగారి ధర్మపత్ని, మహాస్వరకర్త సహోదరి, పూజ్యురాలు శ్రీమతి వాల్‌బుర్గా గారి సముఖమునకు,

తమరి పొట్లం విప్పిన క్షణం నుంచి సంఘంలో ఎవరికీ నిద్ర లేదు. భోజనం మాత్రం చేస్తున్నాము.

అమ్మా, ఆ పన్నెండింటిలో పది నడిమధ్యలో ఆగిపోయాయి. ఎక్కడ ఆగాయో తమరు గమనించారా? మూడో రచనలో రాగం మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయి, ఇంకొక్క మెట్టు ఉందనగా శూన్యం. నేను అక్కడిదాకా వాయించి ఊరుకుంటే మా ఖజాంచీ గారు చేతిరుమాలు తీశారు. ముందుకు తోచక ఆగేవాడు వేరు, మాటకు అవతల ఉన్నది చూసి ఆగేవాడు వేరు. ఆ నిశ్శబ్దాల మీద నేను నూటనలభై పేజీల పీఠిక రాస్తున్నాను. సంగీతం ఇరవై పేజీలు వస్తుంది.

నాలుగో కాగితపు మరక గురించి తమరు రాసినది చదివి సభ్యులందరం లేచి నిలబడ్డాము. తమ్ముడి కన్నీటిని పులుసు చాటున దాచిన అక్కను చరిత్ర మరువదు. ఆ మరకను రంగుల్లో అచ్చు వేయిస్తున్నాము.

ఇక శుభవార్త. ఇంతటి లోతు కలిగిన మహనీయుడు ఒక పల్లెటూరి చర్చి పక్కన ఉండిపోకూడదని సంఘం తీర్మానించింది. నగరంవారు పెద్ద శ్మశానంలో, మహనీయుల వరుసలో చోటు కేటాయించారు. ఆయన అస్థికలను జూన్ నెలలో బ్యాండు మేళంతో వియన్నాకు తెచ్చి పాలరాతి కింద ప్రతిష్ఠిస్తాము. తమరి సమ్మతి కేవలం లాంఛనం గనుక అడగడం లేదు.

తమరి పాదధూళి,
డాక్టర్ ఎగిడియుస్ ప్లంక్

తా.క. పదింటిలో ఎనిమిది ఆగస్టు నెలలో ఆగాయి. ఆగస్టులో ఆ మహనీయుడు విషాదంలో ఉండేవారా? జవాబు "అవును" అయితే వెంటనే తంతి ఇవ్వండి. "కాదు" అయితే ఉత్తరం చాలు.


సాంక్ట్ క్విరిన్, మార్చి

డాక్టర్, కార్యదర్శి ప్లంక్ గారికి,

కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. మావాణ్ణి కదిలించడానికి వీల్లేదు. మా అమ్మ పోయేనాటికి వాడు ఇంకా చిన్నపిల్లాడు. అమ్మ వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, "వీణ్ణి నీ పక్కనుంచి కదలనివ్వకే, వీడికి దారి తెలియదు" అంది. నిజమే, వాడు చర్చికి పోయే దారిలోనే దారి తప్పేవాడు. ఒకే ఒక్కసారి కదలనిచ్చాను, అదీ వియన్నాకే, ఆ ముచ్చట ఇంకోసారి చెబుతాను. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. నేను పోయాక వాడి పక్కన చేరాలి. ఇంకే కోరికా లేదు.

ఇక మీ నిశ్శబ్దాల సంగతి. వేసవిలో మీ వియన్నా కుటుంబాలు గాలిమార్పుకని మా ఊరొస్తాయి. వాళ్ళ ఆడపిల్లలకు తమ్ముడు పియానో నేర్పేవాడు. పుస్తకాలు తెప్పించడానికి బద్ధకించి, పాఠానికి నాలుగు గడుల స్వరాలు తనే గీకి ఇచ్చేవాడు, ఆ పిల్ల వేళ్ళకు ఎంత అందితే అంత. ఆగస్టు వచ్చేసరికి మా వాన దిగుతుంది. మా వాన చినుకులుగా పడదు, ఆకాశంలోంచి తాళ్ళు వేలాడదీసినట్టు పడుతుంది. పట్టిందంటే వదలదు. రెండు రోజులు కిటికీలోంచి చూసి, మూడోనాడు మీవాళ్ళు పెట్టెలు సర్దేస్తారు. పిల్ల వెళ్ళిపోయాక పాట ఎవరికోసం? ఆపేసేవాడు. మీ ఖజాంచీ ఏడ్చిన చోట గుమ్మంలోకి బండి వచ్చింది, అంతకంటే ఏమీ లేదు. చివరిదాకా ఉన్న రెండు పాటలూ వానలు సరిగా పడని ఏళ్ళవి.

కాబట్టి మావాడు మహనీయుడు కాడు, వానకు తడిసినవాడు. వదిలేయండి.

ఇట్లు,
మేస్త్రీ బార్తల్ గారి భార్య
వాల్‌బుర్గా

తా.క. అయిదోది మాత్రం అచ్చు వేయకండి. ఆ పిల్ల వేళ్ళు పిండి ఉండల్లా ఉండేవి, అందుకే అందులో నాలుగు స్వరాలకు మించి లేవు. ఆవిడిప్పుడు మీ ఊళ్ళోనే ఒక న్యాయమూర్తి గారి భార్య.


వియన్నా, ఏప్రిల్

మేస్త్రీగారి ధర్మపత్ని, వర్షరహస్యం వెల్లడించిన విదుషీమణి శ్రీమతి వాల్‌బుర్గా గారికి,

వర్షం. అమ్మా, ఎంత సులువుగా అనేశారు.

ఇంతకాలం స్వరకర్తలు వానను అనుకరించారు. వానకే కలం అందించి, "ముగింపు నువ్వు రాయి" అన్నవాడు లోకంలో ఈయన ఒక్కడే. తమరి ఉత్తరాన్ని పత్రికలో వేయించాము, బద్ధకం మాట తీసేసి. ఆ దెబ్బతో పీఠిక రెండువందల పేజీలు దాటింది. వాతావరణం లెక్కలు రాసే ఒక పెద్దమనిషి ఆయా సంవత్సరాల వానలతో రచనలను సరిపోల్చి, తొమ్మిదో రచనలో వడగళ్ళు కూడా ఉన్నాయని తేల్చారు.

న్యాయమూర్తి గారి భార్య మా కార్యాలయానికి స్వయంగా వచ్చారు. తమరు ఆవిడ స్పర్శలో "గుండ్రదనం" ఉండేదన్నారని చెప్పాము. సంతోషించి సంఘంలో చేరారు. మూడో రచనలోని పిల్ల తామేనంటూ ఇప్పటికి ఏడుగురు ఇల్లాళ్ళు వచ్చారు. ముగ్గురికి పియానో రాదు.

మరో ముచ్చట. ప్రజలకు సగం పాట ఇవ్వడం మర్యాద కాదు గనుక, ప్రొఫెసర్ ట్రాపల్ గారిచేత అన్నిటికీ ముగింపులు రాయించాము. పదహారు గడుల రెండో రచనకు ఆయన నూటతొంభై గడుల ముగింపు చేర్చారు. మధ్యలో తుఫాను వచ్చి వెళుతుంది.

అస్థికల తరలింపునకు తమరి ఊరిపెద్ద క్రిస్పిన్ గారు సంతకం చేసి పంపారు.

తమరి పాదధూళి,
డాక్టర్ ఎగిడియుస్ ప్లంక్

తా.క. ఉరుము ఏ శ్రుతిలో ఉంటుందని ఆ మహనీయుడి అభిప్రాయం?


సాంక్ట్ క్విరిన్, ఏప్రిల్ చివర

కార్యదర్శి గారికి,

ఉరుము వస్తే తమ్ముడు మంచం కింద దూరేవాడు. శ్రుతి అక్కణ్ణించి వినబడదు.

మీ ఉత్తరం చదివి క్రిస్పిన్ దగ్గరికి వెళ్ళాను. ఊరిపెద్దా వాడే, సారాకొట్టూ వాడిదే. గ్లాసులు తుడుస్తున్నాడు.

"ఏరా, మావాణ్ణి పట్టుకుపోతారట, నువ్వు సంతకం పెట్టావట."

"కూర్చో పెద్దమ్మా. బ్యాండువాళ్ళే ముప్పైమంది వస్తున్నారు. ఊదేవాళ్ళకు ఎంత దాహమేస్తుందో నీకు తెలియనిదా."

"మరి వెండెలిన్ సంగతేంట్రా?"

"వెండెలిన్ తాగడుగా, పెద్దమ్మా."

ఫాదరీ గారి దగ్గరికి వెళితే ఆయన చర్చి కప్పు కేసి చూపించాడు. అది కారుతోంది. వియన్నావాళ్ళు బాగుచేయిస్తామన్నారట. ఇక మీతోనే తేల్చుకోవాలి.

అయ్యా, మీరు మోస్తున్న మనిషి ఎలాంటివాడో చెబుతాను, వినండి. వట్టి సోమరి. పేకాటలో ముక్కలు దాచేవాడు. మీ ఖజాంచీ ఏడ్చిన మూడో పాట ఉందే, అది వాడి సొంతం కూడా కాదు. పొద్దున్నే నేను కోళ్ళను పిలిచే పిలుపు అది. విని నవ్వుకుంటూ కాగితం మీద ఎక్కించాడు. ఇలాంటివాడికి పాలరాయి ఎందుకు?

ఇక వియన్నా ముచ్చట. వాడి పడుచుతనంలో ఇలాంటి చిన్న పాటలే ఒక కట్ట చంకన పెట్టుకుని మీ సంఘానికే వచ్చాడు. అప్పటి కార్యదర్శి నాలుగు కాగితాలు తిరగేసి, "ఇవి మరీ పొట్టిగా ఉన్నాయి నాయనా" అని పంపేశాడు. మావాణ్ణి నిలబెట్టే మాట్లాడాడు, కూర్చోమని కుర్చీ చూపించలేదు. జోడు అరిగి, కాళ్ళు బొబ్బలెక్కి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ చిన్న పాట ఏదీ ఎవరికీ చూపించలేదు, పిల్లలకు రాసి ఇవ్వడమే. బతికున్నవాడికి కుర్చీ వేయనివాళ్ళు ఇప్పుడు పడుకోమని పాలరాయి వేస్తున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు.

మావాణ్ణి నాకు వదిలేయండి. ఇది మేస్త్రీ భార్యగా కాదు, అక్కగా అడుగుతున్నాను.

వాల్‌బుర్గా

తా.క. పేకముక్కలు ఎడమ చేతి చొక్కామడతలో దాచేవాడు. పీఠికలో రాసుకోండి.


వియన్నా, మే

మహాస్వరకర్త సహోదరి, జానపద సంగీత జనని, శ్రీమతి వాల్‌బుర్గా గారికి,

కోళ్ళు. ఇదొక్కటే లోటుగా ఉండేది.

ఇంతకాలం మా ప్రత్యర్థులు, "మీ రోట్ ఆకాశంలో ఉన్నాడు, ఆయన కాళ్ళు ఏ నేల మీద ఉన్నాయి?" అని ఎద్దేవా చేసేవారు. ఇప్పుడు వారి నోళ్ళు మూతపడ్డాయి. సమాధి మీద చెక్కే పాలరాతి విగ్రహం పాదాల దగ్గర ఒక కోడిని కూడా నిలపాలని తీర్మానించాము. శిల్పి గారు కొంచెం బాధపడ్డారు. నెమలి అయితే బాగుంటుందన్నారు.

కుర్చీ విషయం విని చలించిపోయాను. ఆనాటి కార్యదర్శి మా మామగారే. కుర్చీ వేయకపోవడం వల్లనే గదా ఆ హృదయంలో అంతటి వేదన పుట్టింది, ఆ వేదనలోంచే గదా ఇంతటి సంగీతం వచ్చింది. ఆ విధంగా ఆ మహనీయుణ్ణి తీర్చిదిద్దినది మా సంఘమేనని తేటతెల్లమైంది. పీఠికలో ఇందుకు ఒక అధ్యాయం కేటాయించాను.

తమరి అభ్యంతరాన్ని సంఘం ముందు పెట్టాము. అక్కగారి ప్రేమకు నిదర్శనంగా దానిని చప్పట్లతో ఆమోదించి పక్కన పెట్టారు.

జూన్ రెండోవారంలో తవ్వకం. చర్చి దక్షిణపు గోడ వెంట మూడో ఇనుప సిలువ అని క్రిస్పిన్ గారు రాశారు. ఆ మహనీయుణ్ణి ఖననం చేసిన సమాధి అదేనా? ఒక్క మాటలో ధ్రువపరచగలరు.

తమరి పాదధూళి,
డాక్టర్ ఎగిడియుస్ ప్లంక్

తా.క. దయచేసి ఒక్క మాటలోనే.


సాంక్ట్ క్విరిన్, మే

డాక్టర్ గారికి,

అవును.

వాల్‌బుర్గా

తా.క. ఒక్క మాట పైన అయిపోయింది గనుక మిగతాది కింద రాస్తున్నాను. ఇక నేను అడ్డు చెప్పను. చర్చి వెనక మెట్లు నాచుపట్టి ఉన్నాయి, మీవాళ్ళను జాగ్రత్తగా దిగమనండి. పెట్టె మాత్రం కాస్త పొడుగ్గా చేయించండి.


వియన్నా, జూన్ చివర

మహాస్వరకర్త సహోదరి, వియన్నా స్వరస్మారక సంఘం గౌరవ మాత, శ్రీమతి వాల్‌బుర్గా గారికి,

జయం. తమరు రాకపోవడం ఒక్కటే వెలితి. మోకాళ్ళను గురించి విని అందరూ విచారించారు.

స్టేషను నుంచి శ్మశానం దాకా జనం. నల్లగుర్రాల బండి, వాటి తలలకు ఈకలు, ముందు బ్యాండు. తమరి ఊళ్ళో బయల్దేరినప్పుడు ముప్పైమంది వాయిద్యగాళ్ళు ఉండగా, క్రిస్పిన్ గారి ఆతిథ్యం వల్ల పంతొమ్మిదిమందే రైలెక్కగలిగారు.

ప్రతిష్ఠకు ముందు, తలల నిర్మాణం పరిశీలించే ఒక గొప్ప వైద్యులు అస్థికలను కొలిచారు. ఆయన చెప్పినవి వింటే తమరు గర్వపడతారు. మొదటిది, పొడుగు. ఏ చిత్రపటమూ ఆయనను అంత ఆజానుబాహువుగా చూపలేదు. చిత్రకారుల అసూయ ఎంత పని చేస్తుందో చూడండి. రెండోది, కింది పళ్ళ వరుసలో ఒక గాడి. సృజనావేదనలో కలం కొరికిన గుర్తు. మూడోది, ఎడమ కణత మీద కోడిగుడ్డంత బుడిపె. సంగీతం నివసించే చోటు అదేనట. అంతటి బుడిపెను ఆయన తన జన్మలో చూడలేదు. దాని మీద గ్రంథం రాస్తున్నారు.

సాయంత్రం సమాధి దగ్గర ప్రొఫెసర్ ట్రాపల్ గారు పూర్తిచేసిన పన్నెండు రచనలూ వినిపించారు. పూర్తిగా ఉన్న రెండింటినీ ఆయన మళ్ళీ పూర్తిచేశారు. వాన వచ్చింది, ఎవరూ కదలలేదు, గేటు మూయించాము. ఇకమీదట ఏటా రెండుసార్లు ఆ సమాధి మీద ఇవే వినిపించాలని నగరం నిర్ణయించింది.

తమరి దయవల్ల నాకు "ఆస్థాన సలహాదారు" బిరుదు వచ్చింది.

తమరి పాదధూళి,
ఆస్థాన సలహాదారు డాక్టర్ ఎగిడియుస్ ప్లంక్

తా.క. పాలరాతి మీద చెక్కడానికి, అక్కడ విశ్రమిస్తున్న వారిని గురించి తమరి మాటగా ఒక్క వాక్యం కావాలి. అబద్ధం లేకుండా, హృదయంలోంచి.


సాంక్ట్ క్విరిన్, జులై

ఆస్థాన సలహాదారు, డాక్టర్ ప్లంక్ గారికి,

బిరుదు వచ్చినందుకు సంతోషం. ఈ ఉత్తరం కూర్చుని చదవండి. మీ దగ్గర ఇప్పుడు కుర్చీలు ఉండే ఉంటాయి.

మా ఊరు కొండకూ నీళ్ళకూ మధ్య ఇరుక్కున్న ఊరు. శ్మశానం బల్ల మీద పరిచే గుడ్డంత. అందుకని ఇక్కడ మట్టి ఎవరికీ శాశ్వతంగా ఇవ్వరు. పదేళ్ళో పన్నెండేళ్ళో పడుకోనిస్తారు. తర్వాత ఎముకలు పైకి తీసి, పుర్రెను కడిగి ఎండబెట్టి, నుదుటి మీద పేరు రాసి, చుట్టూ రంగులతో పూలో ఆకులో వేసి, చర్చి వెనక ఎముకల గదిలో అర మీద పెడతారు. ఖాళీ అయిన గోతిలోకి తర్వాతివాళ్ళు వస్తారు. తాతల నాటి నుంచీ ఇదే వరస. ఇంత మామూలు సంగతి తెలియనివాళ్ళు ఉంటారని నాకు తట్టనే లేదు. మీరు అర మీదనుంచి మావాణ్ణి ఎత్తుకుపోతారనే ఇన్ని నెలలూ నిద్ర లేకుండా ఉన్నాను.

మీ మే నెల ఉత్తరంలో "తవ్వకం" అన్న మాట కనబడింది. గోతులు తవ్వే సెప్‌కు చదివి వినిపించాను. వాడు పార ఆనించి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎవర్ని తవ్వుతున్నారో వీళ్ళకు తెలుసా?"

"తెలియదురా."

"చెబుదామా మరి?"

"ఒక్క మాటలో చెప్పమన్నారు. ఇది ఒక్క మాటలో ఒదగదు."

మీరు క్రిస్పిన్‌నైనా నన్నైనా అడిగింది వెండెలిన్‌ని ఎక్కడ పాతారని. అక్కడే పాతాం. ఇంకా అక్కడే ఉన్నాడా అని అడగలేదు. మా సిలువలకు మధ్యలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది, అది తీస్తే లోపల పేరు కనబడుతుంది. మీవాళ్ళు అంతమంది వచ్చి ఉపన్యాసాలిచ్చారు, ఒక్కరూ ఆ తలుపు తీయలేదు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

మీరు పట్టుకెళ్ళింది మా ఆయన బార్తల్‌ని. పొడుగు ఆయనదే. పళ్ళలో గాడి చుట్టగొట్టానిది, నిద్రలో కూడా తీసేవాడు కాదు. బుడిపె ఉప్పు బట్టీ గుమ్మానిది. అంత పొడుగు మనిషి, తల వంచడం ఇష్టం లేని మనిషి, రోజూ ఆ దూలానికి కొట్టుకునేవాడు. సంగీతమంటే ఆయనకు గిట్టదు. తమ్ముడు పియానో మూత ఎత్తగానే బూతులు తిట్టి పడవ వేసుకుని సరస్సు మధ్యకు పోయేవాడు. ఇప్పుడు పోవడానికి పడవ లేదు. ఏటా రెండుసార్లు ఆయన నెత్తి మీద ట్రాపల్ గారి తుఫాను. నాతో కాపురంలో ఆయన చేసినవాటికి నేను ఏ శిక్షా వేయలేకపోయాను, మీ సంఘం వేసింది. వెనక్కి మాత్రం పంపకండి.

వెండెలిన్ తొమ్మిదేళ్ళ కిందటే అర మీదికి చేరాడు, అమ్మ పక్కన. నుదుటి మీద ఆకులు నేనే వేశాను. ఒక ఆకు సగమే పడింది, రంగు అయిపోయింది. వాడి పక్కన ఒక్క తలకే చోటుంది. ఒకటి రెండేళ్ళలో బార్తల్ వచ్చి అక్కడ కూర్చునేవాడు, నన్ను ఇంకో అర మీదికి తోసేవారు. అదొక్కటే నాకు బెంగగా ఉండేది, ఎవరితో చెప్పుకోను? ఇప్పుడు గొయ్యీ ఖాళీ అయింది, అర మీది చోటూ మిగిలింది. సెప్ రెండూ నా పేర పెట్టాడు.

ఇదంతా మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు. చెప్పేముందు బుడిపె మీద గ్రంథం రాస్తున్న వైద్యులనూ, పాలరాయి ఇచ్చిన నగరాన్నీ, మీ కొత్త బిరుదునూ ఒకసారి తలుచుకోండి.

నా పన్నెండు కాగితాలు నాకు పంపేయండి. ముగింపులు మీరే ఉంచుకోండి.

ఇట్లు,
వియన్నా మహనీయుల వరుసలో విశ్రమిస్తున్న బార్తల్ గారి భార్య
వాల్‌బుర్గా

తా.క. రాతి మీద చెక్కడానికి వాక్యం అడిగారు. ఇలా చెక్కించండి: "ఇక్కడ ఉన్నవాడికి నిశ్శబ్దమంటే ప్రాణం." అబద్ధం ఒక్క అక్షరం లేదు, మీ పీఠికకూ సరిపోతుంది.